దొరల ఓడ టికెట్లకు మన ఖజానా డబ్బు: లీ కమిషన్ చేసింది న్యాయమేనా?

పాతదస్తావేజు:
1923లో లార్డ్ లీ అధ్యక్షతన నియమించిన రాయల్ కమిషన్, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో ఒక సౌకర్యాన్ని సిఫారసు చేసింది. ఐ.సి.ఎస్. (ఇండియన్ సివిల్ సర్వీసు) వంటి ఉన్నత సర్వీసుల్లో ఆసియా బయట స్థిరనివాసం ఉన్న అధికారికి ఉద్యోగకాలం మొత్తం మీద నాలుగుసార్లు, అతని భార్యకూ నాలుగుసార్లు స్వదేశానికి పోయిరావడానికి ఓడ ఛార్జీలు, పిల్లలకు తలా ఒక్క ప్రయాణం ఛార్జీ ఇవ్వాలన్నది ఆ సిఫారసు. ఖర్చు భారతదేశపు ఖజానాది. దీన్ని దోపిడీ అనడం నాకు సబబుగా తోచదు. ఆరువేల మైళ్ల దూరం నుంచి మనిషిని పనికి రప్పించుకున్నప్పుడు, అప్పుడప్పుడు ఇంటికి పంపే బాధ్యత ఏ యజమానికైనా ఉంటుంది.

లెక్కలపంతులు:
నివేదికలో ఒక్క మాట మీరు వదిలేశారు. ఛార్జీకి కొలమానం పి అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ ఓడల్లో మొదటి తరగతి 'బి' శ్రేణి. రెండో తరగతిలో వెళితే ఇల్లు చేరరా?

పాతదస్తావేజు:
తరగతి సంగతి పక్కన పెట్టండి. జీతం రూపాయల్లో, ఇంటి ఖర్చు పౌన్లలో ఉండే మనిషి కష్టం చూడండి. 1870ల మొదట్లో రెండు షిల్లింగులకు, అంటే 24 పెన్సులకు, దగ్గరగా ఉన్న రూపాయి 1892-93 నాటికి సుమారు 15 పెన్సులకు దిగజారింది. ఏడేళ్లు నిండకముందే పిల్లల్ని చదువుకని ఇంగ్లండుకు పంపేసి, ఇక్కడా అక్కడా రెండు కాపురాలు నడిపే కుటుంబానికి అది చిన్న దెబ్బ కాదు.

లెక్కలపంతులు:
ఆ దెబ్బకు మందు 1893లోనే వేశారు. మారకం నష్టపరిహారం పేరుతో యూరోపియన్ అధికారులకు ప్రత్యేక భత్యం ఇచ్చారు, అదీ మన ఖజానా నుంచే. పైగా 1924లో రూపాయి పడిపోవడం లేదు, 18 పెన్సుల వైపు పెరుగుతున్నది. ముప్ఫై ఏళ్ల కిందటి గాయాన్ని చూపించి కొత్త కట్టు అడగడం ఏం పద్ధతి? మొదటి తరగతి గురించి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

గోదారిగట్టు:
కాటన్ దొర కూడా ఆరోగ్యం బాగాలేక సెలవు పెట్టి టాస్మేనియా వెళ్లారు. ఆయన సెలవునూ తప్పుపడతారా?

లెక్కలపంతులు:
కాటన్ కంపెనీ సైన్యపు ఇంజనీరు, ఆ సెలవు లీ కమిషన్‌కు ఎంతో ముందటిది. ప్రతి చర్చలోనూ ఆనకట్టను తెచ్చి అడ్డం పెట్టకండి.

జగిత్యాలబిడ్డ:
నేను గల్ఫులో పదకొండేళ్లు పనిచేశాను. రెండేళ్లకు ఒకసారి రానూపోనూ టికెట్టు ఇస్తామని కాగితంలో రాసి ఉండేది. నాలుగో ఏట కంపెనీ చేతులెత్తేస్తే, మా నాయన అంత్యక్రియలకు మిత్తికి అప్పు తెచ్చి టికెట్టు కొనుక్కున్నాను, చేరేసరికి మూడోరోజు కూడా అయిపోయింది. దూరదేశంలో పనిచేసేవాడికి ఇంటి టికెట్టు అంటే ఏమిటో తెలిసినవాడిని కనుక, దొరకైనా సరే దాన్ని తప్పు అనలేను.

పాతదస్తావేజు:
నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే.

లెక్కలపంతులు:
బిడ్డగారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు అక్కడ కూలి చేయడానికి వెళ్లారు, ఆ దేశం మీద పన్నులు వేయడానికి కాదు. ఆ తేడా పాతదస్తావేజు గారికి తెలియక కాదు, దొరల తరఫున వకాల్తా పుచ్చుకున్నారు కనుక కనబడదు.

పాతదస్తావేజు:
వకాల్తా అన్న మాట వెనక్కి తీసుకోండి. మా తాతగారు కలెక్టరు కచేరీలో గుమాస్తా. జ్వరంతో మంచం పట్టినప్పుడు దొర స్వయంగా క్వినైన్ పంపారని చచ్చేదాకా చెప్పుకున్నారు. నేను మనిషిని మనిషిగా చూస్తున్నాను. మీకు మొదటి తరగతి తప్ప మరొకటి కనిపించడం లేదు.

లెక్కలపంతులు:
సరే, తరగతిని వదిలేస్తాను. మీ తాతగారి దొర మంచివాడే కావచ్చు, అతని గుణం మీద నాకు పేచీ లేదు. 1919 చట్టం ప్రకారం, సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే లండనులో భారతదేశ వ్యవహారాలు చూసే మంత్రి, నియమించిన అధికారుల జీతాల పద్దు మీద కేంద్ర శాసనసభకు ఓటు లేదు. 1924 సెప్టెంబరులో లీ నివేదిక సభకు వచ్చినప్పుడు మోతీలాల్ నెహ్రూ దానికి వ్యతిరేకంగా సవరణ పెట్టారు, సభ దాన్ని ఆమోదించింది కూడా. అయినా ప్రభుత్వం నివేదికను అమలు చేసింది. డబ్బు కట్టేవాడు వద్దన్నా అతని జేబులోంచి తీసి ఇచ్చిన టికెట్టు అది. మీరు యజమాని అన్నారే, ఆ యజమాని ఎవరండీ? శిస్తు కట్టిన రైతా, లండనులో కూర్చున్న మంత్రా?

జగిత్యాలబిడ్డ:
ఈ ఓటు సంగతి నాకు తెలియదు. మా కంపెనీ టికెట్టు కంపెనీ డబ్బుతోనే ఇచ్చేది.

పాతదస్తావేజు:
ఓటు లేకపోవడం పాలన తప్పు. దాన్ని ఉద్యోగి టికెట్టు మీద ఎందుకు రుద్దుతారు? అప్పట్లో సర్వీసులోకి వచ్చే ఇంగ్లీషు కుర్రాళ్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్లు ముందే పింఛను పుచ్చుకుని పోతున్నారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఓడ ఛార్జీలు పెరిగాయి. ఈ సౌకర్యం లేకపోతే ఆ సర్వీసు నిలిచేది కాదు.

లెక్కలపంతులు:
నిలవకపోతే మనకేం నష్టమండీ? ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ సర్వీసు నిలవాలన్నది మీ కోరిక, నిలవకూడదన్నది ఆనాటి సభలో చాలామంది కోరిక. ఇంతసేపూ మనం టికెట్టు గురించి వాదించుకోవడమే లేదు.
ఇంకొకటి. దూరమే కారణమైతే, మద్రాసు రాష్ట్రంలో పనిచేసే బెంగాలీ ఐ.సి.ఎస్. అధికారికి కలకత్తా రైలు టికెట్టు ఈ సౌకర్యం కింద ఎందుకు లేదు? షరతు పెట్టింది దూరం మీద కాదు, స్థిరనివాసం ఉన్న ఖండం మీద.

పాతదస్తావేజు:
ఆ స్థిరనివాస షరతుకు నా దగ్గర జవాబు లేదు. పిల్లల టికెట్టును మాత్రం ఇప్పటికీ తప్పుపట్టలేను.

లెక్కలపంతులు:
పిల్లలది రెండో తరగతిలో ఇచ్చి ఉంటే నేనూ పట్టేవాణ్ణి కాదు.