అప్‌డేట్: కావలి షెడ్డులోని మిలిటరీ బండి ఏంటో తేలింది

మా పెదనాన్న షెడ్డులో ఉన్న ఆలివ్ గ్రీన్ బండి ఏ మోడలని అడిగాను కదా, అది జోంగానే. జపాన్ కంపెనీ నిస్సాన్ వాళ్ల పాట్రోల్ అనే జీపు లాంటి బండి డిజైన్‌తో మన ఆర్మీ కోసం జబల్‌పూర్‌లో తయారైంది. బానెట్ కింద ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్!

చిన్నప్పుడు టీవీలో స్కూబీ డూ కార్టూన్ చూస్తూ, ఆ గ్యాంగ్ వ్యాన్ లాగే మన బండేసుకుని ఊళ్లు తిరగాలని నేనూ తమ్ముడూ తెగ అనుకునేవాళ్లం. జోంగా, స్కూబీ డూ రెండూ 1969లోనే మొదలయ్యాయని చెబితే వాడు ఎగిరి గంతేశాడు. మన బండికి ఆ కార్టూన్ వ్యాన్ రంగులు వేద్దామంటున్నాడు. నేనైతే ఒప్పుకోను, జోంగాకి ఆలివ్ గ్రీనే అందం.

ఒంగోలు మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) విప్పాడు. దాని జెట్ల (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల) నిండా పాత పెట్రోల్ జిగురులా గట్టిపడి ఉంది. అది శుభ్రం చేశాక స్టార్ట్ చేసి చూస్తాం.