డెడ్ ఆర్ అలైవ్ ఎక్స్‌ట్రీమ్ 3 ఏషియా డిస్క్ వాడినవాళ్లు ఉన్నారా?

2016 మార్చిలో జపాన్‌లో వచ్చిన ఈ బీచ్ గేమ్‌ని దాని కంపెనీ కోయి టెక్మో అమెరికా, యూరప్‌లలో అసలు రిలీజే చేయలేదు, బికినీల గొడవ మనకెందుకులే అనుకున్నారేమో. 2003లో ఎక్స్‌బాక్స్‌కి వచ్చిన మొదటి భాగాన్ని మాత్రం అక్కడ మామూలుగానే అమ్మారు మరి!

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్న ఏషియా డిస్క్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. కవర్ మీద 'ఫార్చూన్' అని ఉంది కాబట్టి పీఎస్4 (ప్లేస్టేషన్ 4)దే (చేతిలో పట్టుకుని ఆడే పీఎస్ వీటాది 'వీనస్'). డిస్క్ నడుస్తుంది, దాని గురించి భయం లేదు, నా టెన్షనంతా డీఎల్‌సీ (ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకునే అదనపు సరుకు) గురించే. నాది ఇండియా ప్లేస్టేషన్ అకౌంట్, అదనపు డ్రెస్సులు కొనాలంటే హాంకాంగ్ అకౌంట్ తెరవాలా, సింగపూర్‌ది సరిపోతుందా? వాలెట్ కోడ్ (అకౌంట్‌లో డబ్బు వేసుకునే కోడ్) ఎక్కడ కొన్నారు? వాలీబాల్ అయినా బాగుంటుందా, లేక అంతా ఫొటోలు తీసుకోవడమేనా? దయచేసి నీతులు చెప్పకండి, అవి ఇంట్లో తమ్ముడు ఆల్రెడీ చెప్పేశాడు.