ఇంటి చదువుకు సాక్ష్యంగా ఏం దాచిపెడుతున్నారు?

మా పాపకి తొమ్మిదేళ్లు, రెండేళ్లుగా బడికి పంపకుండా ఇంట్లోనే చదువు. నిన్న కాగితం మడతలు పెడుతూ మూడో వంతులో సగం ఆరో వంతని తనే కనిపెట్టింది. దీన్ని ఏ రికార్డులో రాయను? రేపెవరైనా అధికారి వచ్చి అడిగితే ఆ నలిగిన కాగితం చూపించాలా?

1948 నాటి ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణం, పిల్లల చదువు ఎలా ఉండాలో ఎంచుకునే తొలి హక్కు తల్లిదండ్రులదే అంటుంది. ప్రాథమిక విద్య తప్పనిసరి అన్నదీ అదే. పేచీ అంతా అక్కడే. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధం, జర్మనీలో మాత్రం దాదాపు కుదరదు.

అనుభవమున్నవాళ్లు చెప్పండి: రోజువారీ డైరీయా, పని నమూనాలా, ఏటా పరీక్షా, ఏది నిలబడింది? నాలుగైదు కుటుంబాలు కలిసి ఇంటి చదువు గురించి ప్రజాప్రతినిధిని కలిస్తే ఏమైనా ఫలితం ఉంటుందా?