ది ఎక్స్‌పాన్స్: బెల్టర్ల సంస్కృతి లోపల్నుంచి పుట్టిందా, పైన అతికించిందా?

పెన్న ఇసుక (అనంతపురం):
‘ది ఎక్స్‌పాన్స్’ టీవీ సిరీస్ ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు రెండోసారి చూడటం నిన్న రాత్రితో పూర్తయింది. చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. కొన్ని వందల ఏళ్ల తర్వాత మనుషులు మూడు చోట్ల ఉంటారు: భూమి, అంగారకుడు, వాటికి అవతల గ్రహశకలాల పట్టీ. ఆ పట్టీలో పుట్టి పెరిగిన కూలిజనమే బెల్టర్లు. గనులు తవ్వేది, ఓడలు నడిపేది వాళ్లు. అనుభవించేది లోపలి గ్రహాలవాళ్లు. ‘పట్టీలో గాలి, నీళ్లు బంగారం కంటే విలువైనవి’ అన్న మాటతోనే సిరీస్ మొదలవుతుంది.

నా గొడవ ఆ మాట దగ్గరే. బెల్టర్లకు సొంత భాష, చేతి సైగలు, పచ్చబొట్లు ఉన్నాయి. అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటా. కానీ నీళ్లు బంగారమైనచోట ఇల్లు ఎట్లా నడుస్తుందో 62 ఎపిసోడ్లలో సరిగ్గా చూపించలేదు. మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మంచి ఏడాది. మా అవ్వ బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్లో పోసేది. మేము ముఖం కడుక్కునేది కరివేపాకు చెట్టు మొదట్లోనే. ట్యాంకర్ వచ్చిన రోజు ఎవరు ముందు స్నానం చేయాలి, ఎవరికి ఆ వారం తలస్నానం లేదు అని లెక్క ఉండేది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆ లెక్కలోనే తెలిసిపోయేది. కొళాయి దగ్గర వరుసలో బిందె బదులు ఒక రాయి పెట్టి పోయినా ఆ చోటు ఎవరూ తీసుకునేవాళ్లు కాదు.

బెల్టర్ తల్లి పిల్లాడికి నీళ్లు ఎట్లా కొలిచి ఇస్తుంది? వాడు ఒలకబోస్తే ఏమని తిడుతుంది? అది చూపించకుండా ఎంత భాష పెట్టినా నాకు పైపూతగానే ఉంది.

బురుజు నీడ (కర్నూలు):
అన్నా, అవ్వ సంగతి చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. కానీ సిరీస్ చూపించలేదంటే మాత్రం ఒప్పుకోను. మొదటి ఎపిసోడ్‌లోనే, పట్టీలోని సెరెస్ అనే గ్రహశకలం మీద ఒక ఉద్యమకారుడు జనాన్ని పోగేసి మాట్లాడతాడు. ఒకప్పుడు సెరెస్ నిండా మంచు ఉండేదని, వెయ్యి తరాలకు సరిపోయే నీళ్లని, భూమి, అంగారకుడు వాటిని ఊడ్చుకుపోయాయని అంటాడు. నీళ్లున్న చోట పుట్టినవాళ్లు శని వలయాల నుంచి మంచు మోసి తెచ్చుకుని తాగుతున్నారు. ఆ మంచు తెచ్చే కాంటర్‌బరీ ఓడను పేల్చేస్తేనే కదా కథంతా అంటుకుంది!

సంస్కృతి వంటింట్లోనే ఉంటుందని ఎవరు చెప్పారు? పోగొట్టుకున్నదాన్ని తరం తర్వాత తరం చెప్పుకోవడం కూడా సంస్కృతే. తుంగభద్ర మా ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. అయినా వేసవిలో మా వీధికి నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వచ్చేవో నాకు గుర్తుంది. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక గురించి మా తాత అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. నదీజలాల్లో ముందు మనకు అన్నారు, రాసుకున్నారు అనేవాడు. ఆయన పెద్దగా చదువుకోలేదు, ఆ సంవత్సరం మాత్రం మర్చిపోలేదు. సెరెస్ మీద ఆ మనిషి గొంతులో నాకు వినిపించింది మా తాతే.

పేరు సంగతి కూడా చూడండి. 1800లో నిజాం మనల్ని కంపెనీకి ఇచ్చేస్తే మనం ‘దత్త మండలాలు’ అయ్యాం. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు కలిసి పెట్టిన పేరది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్నాక అది మన పేరైంది. బెల్టర్లను లోపలివాళ్లు ‘స్కిన్నీ’లు, అంటే బక్కోళ్లు అని తిడతారు. వాళ్లు తమను ‘బెల్టలౌడా’ అనుకుంటారు, అంటే పట్టీ జనం, మనవాళ్లు అని. ఈ ఒక్క మాట పుట్టిన తీరు చాలు, రాసినవాళ్లకు లోపలి సంగతి తెలుసని చెప్పడానికి.

కువైట్‌లో కడప:
నేను కడపవాణ్ణి, పదకొండేళ్లుగా కువైట్‌లో ఉన్నా. భాషను పైపూత అన్నందుకు నాకు కొంచెం బాధేసింది.

మా క్యాంపులో మలయాళీలు, బంగ్లావాళ్లు, నేపాలీలు, ఈజిప్టువాళ్లు, మనోళ్లు ఉంటారు. ‘నాకు తెలీదు’ అనాలంటే ‘అనా మాఫీ మాలూం’ అంటాం. ‘సేమ్ సేమ్’, ‘ఖలాస్’ (అయిపోయింది), ‘సవ్వి’ (చెయ్యి) కూడా అందరి నోట్లో ఉంటాయి. ఏ దేశం పాఠ్యపుస్తకంలోనూ ఇట్లా ఉండదు. అయినా కొత్తగా వచ్చిన పిల్లాడు మూడు నెలల్లో పట్టేస్తాడు, లేకపోతే పని జరగదు. బెల్టర్ల భాషను నిక్ ఫార్మర్ అనే భాషావేత్త తయారుచేశాడు. నానా దేశాల కూలీలు ఒకచోట పడితే మాట ఎట్లా ఊరుతుందో అట్లాగే చేశాడు. లోపలి గ్రహాలకు అమ్ముడుపోయినవాణ్ణి ‘వెల్‌వాలా’ అంటారు. ‘వెల్’ అంటే గురుత్వాకర్షణ అనే బావి, ఆ బావిని పట్టుకు వేలాడేవాడని అర్థం. ఆ ‘వాలా’ మన చెవికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

సైగల సంగతి కూడా అంతే. హెల్మెట్ పెట్టుకున్నాక ముఖం కనిపించదు, తలూపితే తెలీదు. అందుకే బెల్టర్లు చేతులతో పెద్దగా చూపిస్తారు, సూట్ లేనప్పుడు కూడా. మా సైట్‌లో క్రేన్ దగ్గర సిగ్నల్ ఇచ్చే అన్న ఒకాయన ఉన్నాడు. కడపకు సెలవుపై వచ్చి పెళ్లిభోజనాల్లో వడ్డించేవాణ్ణి ఆపాలన్నా చేతిని పైకెత్తి పిడికిలి బిగిస్తాడు. మాట్లాడితే సరిపోయేచోట కూడా. ఆయనకది అలవాటు కాదు, ఒళ్లయిపోయింది. దీన్ని అతికించింది అనలేం.

రాత్రి డ్యూటీ (అనంతపురం):
ఒళ్లు అన్నారు కాబట్టి నేనూ ఒక మాట చెప్తా. నేను ఎముకల వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన నర్సుని. మా జిల్లా బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను నోరు తెరవగానే గుర్తుపట్టేదాన్ని, పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. ముదిరినవాళ్లకు వెన్ను బిగుసుకుపోయి, వెనక్కి చూడాలంటే మొత్తం మనిషే తిరగాలి. 1990ల్లో సత్యసాయి నీటి పథకం వచ్చాక వందల ఊళ్లకు మంచినీళ్లు అందాయి, కానీ అప్పటికే వంగిన ఎముక తిరిగి రాదు. తాగిన నీళ్లు మనిషి మీద ఊరి పేరు రాసేస్తాయి.

అందుకే మొదటి ఎపిసోడ్‌లో, తక్కువ గురుత్వాకర్షణలో పెరిగిన ఒక బెల్టర్‌ను భూమి మీద కొక్కేలకు వేలాడదీసి, భూమి బరువుతోనే హింసించే సీన్ చూడలేక ఆపేశాను. సెరెస్ మీద డిటెక్టివ్‌గా పనిచేసే బెల్టర్ మిల్లర్ మెడ కింద ఎముక బుడిపెలున్నాయి, చిన్నప్పుడు వాడిన చవక మందుల వల్ల. నాలుగో సీజన్‌లో నయోమీ అనే బెల్టర్ ఇంజనీరు మందులు వేసుకుని కొత్త గ్రహం మీద నిలబడాలని ఎంత ఆశపడుతుందో, చివరికి పైకి వెళ్లిపోవాల్సి వస్తుంది. నేల మీద కాలు పెట్టే హక్కు కూడా ఒళ్లు ఇవ్వడం లేదు. పెన్న ఇసుక తమ్ముడూ, వంటింటి కంటే ముందు ఒంట్లో మొదలవుతుంది సంస్కృతి.

భూమి తరఫున రాజకీయం నడిపే అవసరాలా అనే పెద్దావిడ చీరల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఆ పాత్ర వేసిన షోరే అగ్దాష్లూ గారు టెహ్రాన్‌లో పుట్టిన నటి. ఆ చీర ఎందుకు కట్టిందో సిరీస్‌లో ఎవరూ వివరించరు, నాకు నచ్చింది అదే.

పెన్న ఇసుక (అనంతపురం):
అక్కా, ఫ్లోరైడ్ మాట చదివి చాలాసేపు ఊరుకున్నా. మా పెదనాన్న పళ్లు అట్లాగే ఉండేవి. భాష విషయంలో కువైట్ అన్న చెప్పింది ఒప్పుకుంటున్నా, పైపూత అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ ఇల్లు విషయంలో దిగను. దేవుడి సంగతి చూడండి. తరాలపాటు ప్రయాణించే ఓడ నావూ కట్టించేది మోర్మన్లు. అన్నా అనే పాస్టర్ భూమి నుంచి వస్తుంది. మరి రోజూ గోడ అవతల చావు పెట్టుకుని బతికే బెల్టర్ ఎవరికి మొక్కుతాడు? మా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర పీర్ల పండక్కి ఏ కులమో ఏ మతమో చూడరు, అందరూ వస్తారు. కరువు ఉన్నచోట మొక్కులు ఎక్కువే ఉంటాయి. లోపలి గ్రహాలవాళ్లకు దేవుణ్ణిచ్చి, వీళ్లకు జెండా మాత్రం ఇచ్చారు.

కువైట్‌లో కడప:
ఇది మాత్రం నిజమన్నా. మా దేవుని కడపలో ఉగాదికి ముస్లింలు గుడికొస్తారు, వెంకన్న తమ అల్లుడని, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డని. నానాజాతులు కలిసి బతికేచోట ఇట్లాంటి చుట్టరికాలు పుట్టాలి. నూటయాభై ఏళ్లు కలిసున్న బెల్టర్లకు ఒక్కటన్నా పుట్టి ఉండాలి. అయిదో సీజన్‌లో డ్రమ్మర్ అనే బెల్టర్ కెప్టెన్ కుటుంబం ఉంది కదా, అయిదారుగురు కలిసి ఒకే కాపురం. అక్కడ కొంచెం దగ్గరకొచ్చారు.

బురుజు నీడ (కర్నూలు):
ఆరో సీజన్‌కు ఆరే ఎపిసోడ్లు ఇచ్చారన్నా. యుద్ధం ముగించడానికే చాలలేదు, పండగలెక్కడ పెడతారు? అయినా మీరిద్దరూ చెప్పింది కొట్టిపారేయను. అంగారకుడికైతే ఇంకా అన్యాయం చేశారు. అంగారకుడి సైనికురాలు బాబీ ఇంట్లో జరిగే నాలుగో సీజన్ భాగం తప్పిస్తే అక్కడ అందరూ సిపాయిలే.

రాత్రి డ్యూటీ (అనంతపురం):
తమ్ముడూ, ఇంతకీ నీ చేతిలో ఉంటే ఏ సీన్ పెట్టేవాడివి?

పెన్న ఇసుక (అనంతపురం):
చిన్నదే అక్కా. మన ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తాం, పలకరింపు తర్వాత. సెరెస్ మీద ఒక ఇంటికి చుట్టం వస్తాడు. ఇంటావిడ తన రోజు వాటాలోంచి గ్లాసులో పోస్తుంది. సెరెస్ గిర్రున తిరుగుతుంటుంది కాబట్టి అక్కడ నీళ్లు నిట్టనిలువుగా పడవు, మిల్లర్ సారా పోసుకునేటప్పుడు చూశాం కదా, పక్కకు వంగి పడతాయి. ఆమె గ్లాసును సరిగ్గా అంత పక్కన పెడుతుంది, చూడకుండానే. ఒక్క చుక్క కింద పడదు. వచ్చినవాడు సగం తాగి సగం వెనక్కిస్తాడు, అదీ అక్కడి మర్యాద.

కువైట్‌లో కడప:
సగం వెనక్కివ్వడం మా క్యాంపులో ఉందన్నా. ఒక ఆగస్టులో మా క్యాంపు ట్యాంకు రెండు రోజులు నింపలేదు. మనిషికో బాటిల్. ఒక నేపాలీ పిల్లాడు కళ్లు తిరిగి పడిపోతే వాడి చుట్టూ ఉన్నవాళ్లందరూ తలా కొంచెం వాడి బాటిల్‌లో పోశారు. వాడు లేచాక గీత చూసుకుని, తన వాటా కంటే పైన ఉన్నదంతా మళ్లీ అందరికీ పోయడానికి తిరిగాడు. ఎవరం తీసుకోలేదు.