చిన్న కారుకి ఇన్సూరెన్స్ తక్కువేనా?

అందరికీ నమస్తే. అమెరికా వచ్చి నెల దాటింది. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. చిన్నదైతే ఇన్సూరెన్స్ తక్కువ, ఎస్‌యూవీ అయితే తడిసి మోపెడవుతుందని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?

* * *

తమ్ముడూ, అది సగమే నిజం. కంపెనీ చూసేది సైజు ఒక్కటే కాదు, ఆ మోడల్ మీద క్లెయిములు ఎన్ని వస్తున్నాయి, ఎంత ఖర్చవుతోంది అని. పెద్ద పికప్ తగిలితే అవతలి కారు నుజ్జవుతుంది కాబట్టి లయబిలిటీ (అవతలివాళ్ల నష్టానికి ఇచ్చే కవర్) పెరగొచ్చు. కానీ పెద్ద బండిలో కూర్చున్నవాళ్లకి దెబ్బలు తక్కువ, వైద్యం ఖర్చుల భాగం తగ్గొచ్చు. చిన్న కారుకి ఇదే లెక్క తిరగబడుతుంది. మినీవాన్‌ చూడ్డానికి భారీగా ఉన్నా చాలాసార్లు చవకే, పిల్లల్ని ఎక్కించుకుని ఎవరూ రేసులు పెట్టరు కదా!

అసలు వాత పెట్టేది రిపేరు. మొన్న రివర్స్ తీస్తూ స్తంభానికి తగిలించాను. పైకి అరచేయంత సొట్ట, అంతే. బంపర్ విప్పితే లోపల రెండు సెన్సర్లు పోయాయి. విండ్‌షీల్డ్‌దీ అదే కథ. దాని లోపలివైపు కెమెరా బిగించి ఉంటే అద్దం మార్చి ఊరుకోరు, కెమెరాని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే సరిగ్గా చూసేలా సర్దాలి. అదే మోడల్‌లో టర్బో, స్పోర్ట్ ట్రిమ్‌లకి (వెర్షన్లకి) రేటు వేరు. దొంగలకి ఇష్టమైన మోడలైతే కాంప్రహెన్సివ్ (దొంగతనం లాంటివాటికి కవర్) కూడా పెరుగుతుంది.

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే విన్ నంబర్‌తో (ప్రతి బండికీ వేరుగా ఉండే గుర్తింపు నంబర్) కోట్, అంటే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో అంచనా, తీసుకో. డ్రైవర్ వైపు విండ్‌షీల్డ్ కింది మూలలో 17 అంకెలు, అక్షరాలు కలిపి ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నానే, నేను ఓ అని కొట్టి అరగంట తిప్పలు పడ్డాను.

* * *

అన్న చెప్పినదానికి ఒక్క మాట. లోన్ మీద కొంటే కొలిజన్ (గుద్దుకున్నప్పుడు నీ కారు నష్టానికి కవర్), కాంప్రహెన్సివ్ రెండూ ఉండాలని అప్పిచ్చినవాళ్లే పట్టుబడతారు. పాత కారుని డబ్బు పెట్టి కొనేస్తే అవి నీ ఇష్టం. కారే చవకైనప్పుడు వాటికి ఏటా కట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. లయబిలిటీ మాత్రం మినిమమ్‌తో సరిపెట్టకు.

* * *

థాంక్స్ అన్నా. రెండు కార్ల విన్ నంబర్లూ ఫొటో తీసుకుని కోట్ పెట్టాను. చిన్నదైన హ్యాచ్‌బ్యాక్‌కే ఎక్కువ చూపిస్తోంది! మళ్లీ వెళ్లి చూస్తే వెనక డోర్ మీద చిన్నగా టర్బో అని ఉంది.