ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందు నుంచే వాడే) మాత్రలు రాసే డాక్టరు గుంటూరులో ఎవరైనా ఉన్నారా?

మాది విజయవాడ. నేను గే. దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దాదాపు 0.2 శాతమైతే, మాలాంటివారిలో 2021 సర్వేలో 3 శాతం దాటింది. అందుకే కండోమ్‌తో పాటు ప్రెప్ కూడా వాడదామనుకుంటున్నాను: టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర, రోజుకొకటి. ముందుగా హెచ్‌ఐవీ పరీక్ష, కిడ్నీల కోసం క్రియాటినిన్ చూడాలి.

ఇక్కడ ఒక డాక్టరును అడిగితే, చీటీ మీద పెన్ను ఆపి, "పెళ్లి చేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. ఫీజు మాత్రం పుచ్చుకున్నారు. ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం (ఐసీటీసీ)లో పరీక్ష ఉచితమే, వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టమూ ఉంది. కానీ అక్కడ మా పిన్ని నర్సు!

నీతులు చెప్పకుండా మందు రాసి, మూడు నెలలకోసారి పరీక్షలు చేయించే డాక్టరు గుంటూరులో తెలుసా? నెలకు ఖర్చెంత అవుతోంది? వాడుతున్నవారు చెప్పగలరు.