నాలుగో నెలలోనే తల్లికి ఆ పేరు చెప్పాలా?

చీపురుపల్లి ఫిజియో:
నెలలు నిండకుండా పుట్టి, నవజాత శిశు కేంద్రంలో ఉండి వచ్చిన నాలుగు నెలల పాప కదలికలు అనుమానంగా ఉన్నప్పుడు, సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ముప్పు ఉందని అప్పుడే చెప్పాలా, లేక నడక వచ్చే వయసు దాకా ఆగాలా?

టెక్కలి నాన్న:
ఆగడమే మేలు. మా అన్నయ్య కొడుకుకు అయిదో నెలలో ఇలాగే అనుమానం చెప్పారు. వాడు ఏడాది దాటగానే నడిచాడు గానీ, ఆ మధ్యలో వదిన సరిగా తిన్న రోజు లేదు. ఊరు ఒకసారి పెట్టిన పేరు అంత తేలిగ్గా వదలదు కూడా.

రాజాం అమ్మ:
మీ వదినగారి బాధను నేను కాదనను. నాకు మాత్రం ఎవరూ చెప్పకపోవడమే శాపమైంది. కాళ్ల మీద పడుకోబెట్టుకొని నీళ్లు పోసేటప్పుడు, మా వాడి కుడి పిడికిలిలో చిక్కుకున్న నలుగుపిండి తీయడానికి వేళ్లు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చేది. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేది. ఏడాది లోపు పిల్లలు ఒకే చేతిని వాడటం మంచి గుర్తు కాదని నాకు తెలియదు, "ఎడమచేతి వాటం" అని అత్తగారు మురిసిపోయారు. అడిగితే ఆసుపత్రిలో ఏడాది ఆగమన్నారు.

2017లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో నిపుణులు ప్రకటించిన సూచనల ప్రకారం, సవరించిన వయసు, అంటే అసలు కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించే వయసు, ఆరు నెలలు నిండకముందే సెరిబ్రల్ పాల్సీని గుర్తించవచ్చు. పూర్తిగా తేలనప్పుడు "ముప్పు ఎక్కువ" అన్న తాత్కాలిక పేరుతోనే చికిత్స మొదలుపెట్టాలి. బాగున్న చేతికి రోజూ కాసేపు మేజోడు తొడిగి, రెండో చేతికి గిలక అందించి ఆడించడం ఆ వయసులో ఆటే అవుతుంది. రెండేళ్లవాడికి అదే పని మొదలుపెడితే ఎంత పేచీ పెడతాడో నేను చూశాను.

టెక్కలి నాన్న:
"ముప్పు" అనడం వేరు, "జబ్బు" అనడం వేరు అని ఒప్పుకుంటాను. అయితే చెప్పినవారు ఎక్కడికి వెళ్లాలో కూడా అదే రోజు చెప్పాలి.

చీపురుపల్లి ఫిజియో:
2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలను ఏర్పరచింది అందుకే; అక్కడ సేవలు ఉచితం. సవరించిన వయసు మూడు నుంచి అయిదు నెలల మధ్య, పాప మెలకువగా, ఏడవకుండా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మా పాలపీకా ఇవ్వకుండా, పలకరించకుండా మూడు నిమిషాల వీడియో తీసి తీసుకువెళ్లండి. మెడ, మణికట్టు, చీలమండల దగ్గర నిరంతరం కనిపించవలసిన చిన్న చిన్న కదలికలు ఉన్నాయో లేవో శిక్షణ పొందినవారు అందులో చూడగలరు.